ఏం గుర్తుంచుకుంటుంది కాదు, ఏం వదిలేస్తుంది: లైనక్స్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీకి ఏది పెట్టుకోవాలి

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో మా మావయ్యకి చిన్న నెట్ సెంటర్ ఉంది. రెండు సిస్టంలు, ఒక ప్రింటర్, ఒక లామినేషన్ మిషను. దరఖాస్తుల సీజన్‌లో రద్దీ పెరిగితే నేనూ వెళ్లి కూర్చుంటాను. రెండు సిస్టంలలోనూ లైనక్సే. పైరసీ విండోస్‌తో, పెన్‌డ్రైవ్ వైరస్‌లతో ఆయన అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. అందుకని లైనక్స్‌లో ఒక రకమైన మింట్ వేస్తానంటే అడ్డు చెప్పలేదు.

ఆ పనిలో రోజంతా నొక్కేది కంట్రోల్ సీ, కంట్రోల్ వీ. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ నుంచి పేరు, తండ్రి పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఒక్కొక్కటే కాపీ చేసి ఫారంలో వెయ్యాలి. ఒకటి కాపీ చేస్తే ముందుది పోతుంది. రెండు విండోల మధ్య ఈ తిరుగుడు తగ్గుతుందని క్లిప్‌బోర్డ్ హిస్టరీ పెట్టాను. కాపీ చేసినవన్నీ వరసగా దాచి, అడిగినప్పుడు జాబితా చూపించే ప్రోగ్రాం అన్నమాట. రెండు రోజులు హాయిగా గడిచింది. మూడో రోజు గంట్యాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ, సరిచూసుకోమని ఇచ్చిన ప్రింటు పట్టుకుని, "ఏటి బాబూ, ఈ నంబరు మాది కాదే" అంది. చూస్తే నిజమే. జాబితాలో ఆమె ఆధార్ నంబరు కిందనే అంతకు ముందు వచ్చినాయన నంబరు ఉంది. రెండూ 12 అంకెలే. తొందరలో నేను కిందిది నొక్కాను.

ఇంకా సబ్మిట్ కొట్టలేదు కాబట్టి దిద్దుకున్నాం. అసలు టెన్షన్ సాయంత్రం హిస్టరీ మొత్తం తెరిచి చూసినప్పుడు మొదలైంది. మూడు రోజుల్లో మా కౌంటర్ దగ్గరకు వచ్చిన అందరి ఆధార్ నంబర్లూ, ఖాతాలూ, ఇద్దరి ఈమెయిల్ పాస్‌వర్డ్‌లూ అక్కడే వరసగా పేరుకుని ఉన్నాయి. ఎవరైనా ఒక్క షార్ట్‌కట్ నొక్కితే చాలు, అన్నీ తెరమీదకు వస్తాయి.

అప్పటి నుంచి ఈ ప్రోగ్రాంలను నేను ఒకే ప్రశ్నతో చూస్తున్నాను. ఎన్ని గుర్తుంచుకుంటుంది అని కాదు, వద్దన్నవాటిని వదిలేస్తుందా అని. మీరు ఇంట్లో ఒక్కరే వాడుకునే ల్యాప్‌టాప్ అయితే ఈ ప్రశ్న అంత బరువు కాదు. ఆ సంగతి కూడా కింద చెబుతాను.

ముందు మీ సెషన్ ఏదో తెలుసుకోండి

ఏ ప్రోగ్రాం బాగుంటుందని అడిగే ముందు మీ డెస్క్‌టాప్ ఎక్స్ 11 మీద నడుస్తోందా, వేల్యాండ్ మీదా అన్నది చూడాలి. తెరమీద విండోల్ని చూపించి, వాటి మధ్య కాపీ పేస్ట్ కుదిర్చే వ్యవస్థలు ఇవి రెండూ. కమాండ్లు టైప్ చేసే విండో అయిన టెర్మినల్‌లో ఎకో అని రాసి, డాలర్ గుర్తు పెట్టి, ఎక్స్‌డీజీ సెషన్ టైప్ అన్న మూడు మాటల్నీ పెద్ద అక్షరాల్లో, మధ్యలో అండర్‌స్కోర్‌లతో కలిపి ఎంటర్ కొడితే ఒక్క మాటలో జవాబు వస్తుంది. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది, ఎందుకంటే ఒకదానికి రాసిన హిస్టరీ ప్రోగ్రాం రెండోదానిలో సాధారణంగా పనిచెయ్యదు.

ఎక్స్ 11 పాతది, 1987 నాటిది. మింట్‌లో సిన్నమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ మామూలుగా దానిమీదే నడుస్తాయి. లైనక్స్‌లో ఇంకో రెండు రకాలైన ఫెడోరా 2016లో 25వ వెర్షన్‌తో, ఉబుంటు 2021లో 21.04తో తమ గ్నోమ్ డెస్క్‌టాప్‌ని వేల్యాండ్‌కి మార్చాయి. ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నవాళ్లు తెలియకుండానే వేల్యాండ్‌లో ఉన్నట్టే.

క్లిప్‌బోర్డ్ అంటే కాపీ చేసిన మాట వెళ్లి పడే ఒక డబ్బా అని చాలామంది అనుకుంటారు. ఎక్స్ 11లో అలాంటి డబ్బా లేదు. కంట్రోల్ సీ నొక్కినప్పుడు ఆ ప్రోగ్రాం "సరుకు నా దగ్గరుంది" అని చాటింపు వేస్తుంది, అంతే. ఇంకోచోట పేస్ట్ నొక్కినప్పుడు ఆ రెండో ప్రోగ్రాం వచ్చి దీన్ని అడిగి పట్టుకెళ్తుంది. ఈలోగా మొదటి ప్రోగ్రాంని మూసేశారా, దుకాణమే ఎత్తేసినట్టు. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి, ఆ పీడీఎఫ్ మూసేసి, ఫారంలో పేస్ట్ కొడితే ఏమీ రాకపోవడానికి కారణం ఇదే. హిస్టరీ ప్రోగ్రాం వెనకాల కాపు కాసి, చాటింపు వినిపించగానే వెళ్లి తనకో నకలు తెచ్చి పెట్టుకుంటుంది.

ఎక్స్ 11లో ఇంకో చిక్కు కూడా ఉంది. మౌస్‌తో మాట మీద గీత లాగితే చాలు, కాపీ నొక్కకుండానే అది ప్రైమరీ అనే వేరే చోటికి చేరుతుంది, మౌస్ మధ్య బటన్ నొక్కితే పేస్ట్ అవుతుంది. కంట్రోల్ సీతో కాపీ చేసింది క్లిప్‌బోర్డ్ అనే చోట ఉంటుంది. ఎక్స్‌క్లిప్, ఎక్స్‌సెల్ అనే రెండు చిన్న కమాండ్లూ ఏమీ చెప్పకపోతే ప్రైమరీనే చూస్తాయి. కమాండ్‌తో కాపీ చేశాను, బ్రౌజర్‌లో రావట్లేదు అని కొత్తవాళ్లు తల పట్టుకునేది ఇక్కడే. కమాండ్‌కి క్లిప్‌బోర్డ్ అని ప్రత్యేకంగా చెప్పాలి.

వేల్యాండ్‌లో కట్టుదిట్టం ఎక్కువ. తెరమీద ఎదురుగా లేని ప్రోగ్రాం క్లిప్‌బోర్డ్‌లోకి తొంగి చూడలేదు. హిస్టరీ ప్రోగ్రాంకి ఆ అనుమతి దొరకాలంటే డేటా కంట్రోల్ అనే ప్రత్యేక ప్రోటోకాల్‌ని డెస్క్‌టాప్ ఒప్పుకోవాలి. స్వే, హైప్రల్యాండ్, కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్‌లు ఒప్పుకుంటాయి. గ్నోమ్ దాన్ని పెట్టుకోలేదు. ఈ ఒక్క ముక్క తెలియక స్వే వాడేవాళ్ల సలహా పట్టుకుని ఉబుంటు గ్నోమ్‌లో గంటలు గంటలు కుస్తీ పడినవాళ్లని చూశాను. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

ఎక్స్ 11 వాళ్లకి: క్లిప్‌మెనూనా, గ్రీన్‌క్లిప్పా

క్లిప్‌మెనూ సన్నటి పనిముట్టు. వెనకాల క్లిప్‌మెనూడీ అనే డెమన్, అంటే తెరమీద కనిపించని ప్రోగ్రాం, నడుస్తుంది. మనం క్లిప్‌మెనూ అని పిలిస్తే, జాబితాలు చూపించే డీమెనూ అనే ప్రోగ్రాంలో హిస్టరీ వస్తుంది. డీమెనూ వద్దనుకుంటే సీఎం లాంచర్ అనే సెట్టింగ్ మార్చి అలాంటివే అయిన రోఫీతోనో, ఎఫ్‌జెడ్‌ఎఫ్‌తోనో చూడొచ్చు. మామూలుగా 1000 క్లిప్‌ల వరకు ఉంచుతుంది, టెక్స్ట్ మాత్రమే. నాకు దీనిలో నచ్చింది దాచే చోటు. యూజర్ రన్‌టైం ఫోల్డర్‌లో పెడుతుంది, అది మెమరీలో ఉండే తాత్కాలిక జాగా. సిస్టం ఆపితే అన్నీ పోతాయి. కరెంటు పోతే హిస్టరీ కూడా పోతుందని ఇంట్లో వాడుకునేవాళ్లు గొణుక్కోవచ్చు. వర్షాకాలంలో మా ఊళ్లో రోజుకి రెండుసార్లు అలా పోతుంది. నెట్ సెంటర్‌కి మాత్రం అది వరమే.

వేసుకోగానే ఒక్క మార్పు తప్పనిసరి. ఇది ప్రైమరీని కూడా గమనిస్తుంది, అంటే మౌస్‌తో గీత లాగినదల్లా జాబితాలోకి వస్తుంది. సీఎం సెలెక్షన్స్ అనే సెట్టింగ్‌ని క్లిప్‌బోర్డ్ ఒక్కటే అని మార్చండి, సగం చెత్త తగ్గుతుంది. ఫలానా పేరున్న విండోలోంచి వచ్చినవి దాచొద్దని కూడా చెప్పొచ్చు. టెర్మినల్‌లో క్లిప్‌సీటీఎల్ డిసేబుల్ అని రాస్తే కాసేపు ఆగుతుంది. కాపీ అయిన విషయాన్ని బట్టి వదిలెయ్యమని చెప్పే దారి మాత్రం లేదు. మా అవసరం సరిగ్గా అదే.

గ్రీన్‌క్లిప్ హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. రోఫీతో జత కట్టి వాడుకునేందుకు బాగుంటుంది, చిన్న బొమ్మల్ని కూడా పట్టుకుంటుంది. ఫలానా అప్లికేషన్‌లవి వద్దు అని సెట్టింగ్స్ ఫైల్‌లో రాసుకోవచ్చు. ఇందులో స్టాటిక్ హిస్టరీ అని ఒకటుంది, దానికోసమే దీన్ని కొన్నాళ్లు వాడాను. ఎప్పటికీ చెరగకుండా ఉండాల్సిన వాక్యాల్ని అక్కడ రాసి పెట్టుకుంటే జాబితాలో ఎప్పుడూ కనిపిస్తాయి. షాపు చిరునామా, పిన్‌కోడ్, రసీదు కింద వేసే లైను, రోజుకి ముప్పైసార్లు కొట్టే "జిల్లా: విజయనగరం, ఆంధ్రప్రదేశ్". జిల్లాల విభజన జరిగిన 2022లో ఈ ఒక్క ఫైల్ మార్చుకుంటే సరిపోయేది. అప్పట్లో నా దగ్గర ఇది లేదు, రాజాం నుంచి వచ్చినవాళ్లకి అలవాటు కొద్దీ శ్రీకాకుళం జిల్లా అని కొట్టి దిద్దుకున్న ఫారాలు లెక్కలేనన్ని.

రెండింటిలో ఒకటే చెప్పమంటే, ఒంటరిగా వాడుకునే పాత ల్యాప్‌టాప్‌కి క్లిప్‌మెనూ, తిరగా మరగా అవే వాక్యాలు కొట్టే ఉద్యోగానికి గ్రీన్‌క్లిప్.

తెలుగు సరిగ్గా కనబడాలంటే

ఇంగ్లిష్‌లో రాసే పోలికల్లో ఈ మాట దొరకదు. డీమెనూకి తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. గుణింతాలూ వత్తులూ కలపకుండా ఒక్కో ముక్కా పక్కపక్కనే పేరుస్తుంది. "కుటుంబ ధ్రువీకరణ పత్రం" అన్నది కాపీ చేస్తే "ధ్రు" దగ్గర ధ ఒకచోట, పొల్లు ఒకచోట, ర ఒకచోట విడిపోయి కనిపిస్తాయి. దాచిన మాట చెడలేదు, పేస్ట్ చేస్తే చక్కగానే పడుతుంది. కానీ జాబితాలో చదవలేనిదాన్ని ఎలా ఎంచుకుంటాం? ఎఫ్‌జెడ్‌ఎఫ్ టెర్మినల్‌లో నడుస్తుంది, టెర్మినల్ అంటే సమాన గడుల్లో అక్షరాలు నింపే కాగితం. చాలా టెర్మినల్స్‌లో తెలుగు ఆ గడుల్లో ఇమడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది.

రోఫీ అక్షరాల పనిని పాంగో అనే లైబ్రరీకి అప్పగిస్తుంది. వేల్యాండ్‌లో దొరికే, రోఫీ లాంటి వోఫీని పాంగోనే వాడే జీటీకే లైబ్రరీతో చేశారు కాబట్టి అదీ అంతే. వీటిలో వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. కాబట్టి మీరు కాపీ చేసేదాంట్లో తెలుగు ఉంటే హిస్టరీ దాచేది ఏదైనా పర్వాలేదు, చూపించేది మాత్రం రోఫీయో వోఫీయో అయి ఉండాలి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ సిస్టంలో ఉందో లేదో కూడా చూసుకోండి.

వెతికేటప్పుడు ఇంకో చిన్న తిరకాసు. "ఫార్మ్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, రెండు హల్లులు కలిసిపోకుండా ఆపేది. ఒకరు అది పెట్టి కొడతారు, ఇంకొకరు పెట్టకుండా కొడతారు. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు మాటలు, వెతికితే ఒకటే దొరుకుతుంది. ఇక అను ఫాంట్లలో కొట్టిన డీటీపీ మ్యాటర్ కాపీ చేస్తే హిస్టరీలో వచ్చేది పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల గుంపు. అది యూనికోడ్ కాదు, ఏ ప్రోగ్రామూ దాన్ని బాగుచెయ్యదు.

వేల్యాండ్ వాళ్లకి: క్లిప్‌హిస్ట్, దానికి పెట్టే జల్లెడ

స్వే, హైప్రల్యాండ్ వాడేవాళ్లలో ఎక్కువమంది క్లిప్‌హిస్ట్ దగ్గరే ఆగుతారు, నేనూ అక్కడే ఆగాను. ఇది గో భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం. తనంతట తాను క్లిప్‌బోర్డ్‌ని చూడదు. డబ్ల్యూఎల్ క్లిప్‌బోర్డ్ అనే ప్యాకేజీలో డబ్ల్యూఎల్ పేస్ట్ అని ఒక కమాండ్ ఉంది, దానికి వాచ్ అనే ఆప్షన్ ఇచ్చి వెనకాల క్లిప్‌హిస్ట్ స్టోర్ అని రాస్తే, కాపీ అయిన ప్రతిదాన్నీ అది దీని నోట్లో పోస్తుంది. కావాలన్నప్పుడు క్లిప్‌హిస్ట్ లిస్ట్‌ని వోఫీకి, అక్కడ ఎంచుకున్నదాన్ని క్లిప్‌హిస్ట్ డీకోడ్‌కి, దాన్నుంచి డబ్ల్యూఎల్ కాపీకి పైపులతో, అంటే ఒక కమాండ్ ఇచ్చినదాన్ని ఇంకోదానికి అందించే గుర్తులతో, కలిపి ఒక కీకి కట్టుకుంటాం. మామూలుగా 750 దాకా ఉంచుతుంది. బొమ్మల్ని కూడా దాస్తుంది, జాబితాలో వాటి సైజు, కొలతలు చూపిస్తుంది.

క్లిప్‌మ్యాన్ అని ఇంకోటి ఇదే పద్ధతిలో నడుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్యానెల్‌లో అదే పేరుతో ఉండే ప్లగిన్ వేరు, ఇది వేరు. టెక్స్ట్ మాత్రమే దాస్తుంది, అదీ మామూలుగా 15 మాత్రమే. అందరూ దాన్ని లోపం అంటారు. కౌంటర్ మీద కూర్చున్నవాడికి 15 చాలు, నిజానికి 5 చాలు. ఒక మనిషి ఫారం పూర్తయ్యాక ఆ మనిషి వివరాలతో మనకి పనేముంది?

అయినా నేను క్లిప్‌హిస్ట్‌నే పెట్టుకోవడానికి కారణం ఆ పైపు. కాపీ అయింది ప్రోగ్రాంలోకి వెళ్లే ముందు మన చేతిలోంచి వెళ్తుంది. అక్కడ జల్లెడ పట్టొచ్చు. స్టోర్‌కి బదులు చిన్న షెల్ స్క్రిప్ట్, అంటే కమాండ్లు వరసగా రాసిన ఫైల్, పెట్టాను. వచ్చిన టెక్స్ట్‌ని గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో చూస్తుంది. మొత్తం 12 అంకెలే అయితే, మధ్యలో నాలుగేసి అంకెలకి ఖాళీ ఉన్నా లేకపోయినా, దాన్ని పారేస్తుంది. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్లీ ఒక అక్షరం అయితే అది పాన్ నంబరు, దాన్నీ పారేస్తుంది. మిగతావి క్లిప్‌హిస్ట్ స్టోర్‌కి పంపుతుంది. పది లైన్లు లేవు. పారేసినా మామూలు కంట్రోల్ వీకి ఏ అడ్డూ లేదు. అప్పుడే కాపీ చేసింది అప్పుడే పేస్ట్ అవుతుంది, జాబితాలో మాత్రం మిగలదు.

రెండు జాగ్రత్తలు. డబ్ల్యూఎల్ పేస్ట్‌కి టైప్ టెక్స్ట్ అని చెప్పి టెక్స్ట్‌ని మాత్రమే పట్టించండి. షెల్ వేరియబుల్‌లో బొమ్మల డేటా పడితే చెడిపోతుంది. పైగా ఆధార్ కార్డు స్కాన్ బొమ్మగా కాపీ అయితే అంకెల జల్లెడకి అది దొరకదు, కాబట్టి నెట్ సెంటర్‌లో బొమ్మల హిస్టరీ అసలు పెట్టనేవద్దు. రెండోది, క్లిప్‌హిస్ట్ తన డేటాబేస్‌ని హోం ఫోల్డర్‌లోని క్యాష్ ఫోల్డర్‌లో డిస్క్ మీద, ఏ తాళమూ లేకుండా ఉంచుతుంది. డీబీ పాత్ అనే ఆప్షన్‌తో దాన్ని రన్‌టైం ఫోల్డర్‌కి మార్చండి. అప్పుడు క్లిప్‌మెనూ లాగే సిస్టం ఆపగానే పోతుంది. వెంటనే తుడవాలంటే క్లిప్‌హిస్ట్ వైప్.

పాస్‌వర్డ్‌ల సంగతి కూడా ఇక్కడే. పాస్ అనే కమాండ్ లైన్ పాస్‌వర్డ్ మేనేజర్ కాపీ చేసిన పాస్‌వర్డ్‌ని 45 సెకన్లకి క్లిప్‌బోర్డ్ నుంచి తీసేస్తుంది. మంచిదే. కానీ హిస్టరీ ప్రోగ్రాం మొదటి సెకనులోనే నకలు తీసుకుని ఉంటుంది. దొంగ వెళ్లాక తలుపు వేసినట్టు. కీపాస్ ఎక్స్‌సీ అనే ఇంకో పాస్‌వర్డ్ మేనేజర్ కాపీతో పాటు "ఇది రహస్యం" అని ఒక గుర్తు జత చేసి పంపుతుంది. కొత్త డబ్ల్యూఎల్ పేస్ట్ ఆ గుర్తు చూసి క్లిప్‌హిస్ట్‌కి చెబుతుంది, అది దాచకుండా వదిలేస్తుంది. ఏ ప్రోగ్రాం పెట్టుకున్నా ఒక ఉత్తుత్తి పాస్‌వర్డ్ కాపీ చేసి జాబితా తెరిచి చూడండి. ఆ పరీక్ష చెయ్యకుండా అసలు పాస్‌వర్డ్ ముట్టుకోవద్దు.

గ్నోమ్, కేడీఈ, ఇంకా

గ్నోమ్ వేల్యాండ్‌లో పైన చెప్పిన వాచ్ పద్ధతి నడవదు. అక్కడ జీపేస్ట్ చూడండి. గ్నోమ్ షెల్ ఎక్స్‌టెన్షన్‌తో పాటు జీపేస్ట్ క్లయింట్ అనే కమాండ్ ఉంది. హిస్టరీ చూడటం, ఎంచుకోవడం, ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం అన్నీ టెర్మినల్ నుంచి అవుతాయి. పాస్‌వర్డ్‌కి ఒక పేరు పెట్టి, జాబితాలో ఆ పేరు మాత్రమే కనబడేలా చెయ్యొచ్చు. హిస్టరీ మాత్రం హోం ఫోల్డర్‌లో ఫైల్‌గా మిగులుతుంది.

కేడీఈలో ఉన్నవాళ్లు ఇంకోటి వెతక్కండి. క్లిప్పర్ ముందే ఉంది, విండోస్ కీతో వీ నొక్కితే జాబితా వస్తుంది, క్యూడీబస్ అనే కమాండ్ ద్వారా టెర్మినల్ నుంచీ అడగొచ్చు. దానిమీద రెండోది పెడితే రెండూ ఒకే సరుకు కోసం కొట్టుకుంటాయి.

కాపీక్యూ పెద్ద ప్రోగ్రాం, విండోలు, ట్యాబ్‌లు, బటన్లు అన్నీ ఉంటాయి. అయినా ఈ పోలికలో చోటు దక్కడానికి కారణం దాని కమాండ్ లైన్. కాపీక్యూ రీడ్ 0 అంటే అన్నిటికన్నా కొత్తది చూపిస్తుంది, లెక్క సున్నా నుంచి మొదలు. ఫలానా రూపంలో ఉన్న టెక్స్ట్ వస్తే దాచొద్దని సెట్టింగ్స్‌లోనే రాసుకోవచ్చు, షెల్ స్క్రిప్ట్ అక్కర్లేదు. స్క్రిప్ట్ అంటే భయపడేవాళ్లకి, ఎక్స్ 11లో ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. 4 జీబీ మెమరీ ఉన్న సిస్టంలో బ్రౌజర్ పక్కన ఇంకొక బరువు ఎందుకని మాత్రం నేను తప్పించుకున్నాను.

మావయ్య కొడుకు రాజాంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "బావా, నాకేది బాగుంటాది?" అని ఫోన్ చేశాడు. ఏం కాపీ చేస్తావురా అంటే, సర్వర్లలో లాగిన్ అయి లాగ్‌లు, కమాండ్లు అన్నాడు. వాడికి వీటిలో ఏదీ అక్కర్లేదు. ఒకే టెర్మినల్‌ని చాలా తెరలుగా వాడుకోనిచ్చే టీమక్స్ చాలు. టీమక్స్‌లో కాపీ చేసినవి 50 దాకా దానిలోనే బఫర్లుగా ఉంటాయి. కంట్రోల్ బీ నొక్కి, సమానం గుర్తు కొడితే జాబితా వస్తుంది. డెస్క్‌టాప్ లేని సర్వర్‌లో కూడా నడుస్తుంది. ఒక్క హెచ్చరిక చెప్పాను: పాత బఫర్ పేస్ట్ చేసేటప్పుడు చివర్లో కొత్త లైను ఉందేమో చూసుకో, ఉంటే కమాండ్ నువ్వు ఎంటర్ కొట్టకముందే నడిచిపోవచ్చు. ఫైళ్లు చెరిపే కమాండ్ అయితే ఇక ఏడవాలి.

ఇప్పుడు నెట్ సెంటర్‌లో ఉన్నది

రెండు సిస్టంలూ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, అంటే ఎక్స్ 11. క్లిప్‌హిస్ట్ వేల్యాండ్ కోసం చేసింది. కానీ దాని స్టోర్ కమాండ్ లోపలికి వచ్చిన టెక్స్ట్‌ని తీసుకుంటుంది తప్ప అది ఎక్కడిదని అడగదు. అందుకని ఇక్కడ డబ్ల్యూఎల్ పేస్ట్ స్థానంలో క్లిప్‌నోటిఫై పెట్టాను. క్లిప్‌బోర్డ్ మారేదాకా అది ఊరికే కాచుకుని ఉంటుంది, మారగానే ఎక్స్‌సెల్ ఆ టెక్స్ట్ తీస్తుంది, అదే జల్లెడ స్క్రిప్ట్ చూస్తుంది, మిగిలింది క్లిప్‌హిస్ట్‌కి వెళ్తుంది. చూపించేది రోఫీ. డేటాబేస్ రన్‌టైం ఫోల్డర్‌లో, గరిష్ఠంగా 20. ఈ పద్ధతిలో కీపాస్ పంపే రహస్యం గుర్తు దానంతట అది అందదు, స్క్రిప్ట్‌లోనే ఎక్స్‌క్లిప్‌తో టార్గెట్ల (కాపీ అయింది ఏయే రూపాల్లో దొరుకుతుందో వాటి) జాబితా అడిగి ఆ గుర్తు ఉంటే వదిలెయ్యాలి. ఇంకో రెండు లైన్లు పెరిగాయి.

దీనికన్నా ముందు ఇంకా సులువైన దారి ఒకటి ప్రయత్నించాను. కాపీ అయినదాన్నల్లా ఒక ఫైల్ చివర చేర్చుకుంటూ పోయే రెండు లైన్ల లూప్. ఒక చిరునామా నాలుగు లైన్లలో వస్తే అది నాలుగు వేర్వేరు కాపీలుగా కనిపించింది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఫైల్‌కి తెలియదు. సాయంత్రానికి తీసేశాను.

వారం తర్వాత మావయ్య ఫోన్ చేశాడు. "ఒరే, నా ఖాతా నంబరు కాపీ చేస్తే నీ జాబితాలో రావట్లేదేటి?" అని. ఎన్ని అంకెలు మావయ్యా అన్నాను. లెక్కపెట్టాడు. పన్నెండు. జల్లెడకి అది ఆధార్‌లానే కనబడుతుంది. తీసెయ్యమంటావా అని అడిగాను. కాసేపు ఆగి, "వద్దులే, నా ఒక్కడి నంబరు నేను కొట్టుకుంటాను" అన్నాడు.